బ్రేకు మీద అమ్మ కాలు

నా చిన్నప్పుడు మా బంధువులందరిలో కారున్న మనిషి మా పెద్దమామ ఒక్కడే. నోరు కూడా అందరికంటే ఆయనకే పెద్దది. అమ్మకు స్వయానా అన్న. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేస్తూ అక్కడి క్వార్టర్సులోనే ఉండేవాడు. ఎవరో వాడి వాడి వదిలేసిన నీలం రంగు కారొకటి తెచ్చుకుని, దాన్ని తుడిచి, తిట్టి, బతిమాలి నడిపేవాడు. ఆదివారం పొద్దున యూనివర్సిటీ క్యాంపస్‌లోని మా క్వార్టర్ ముందు దాని హారన్ మోగిందంటే చర్చికి టైమైనట్టే. నాన్న యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా. అమ్మ లాలాగూడలో ఒక చిన్న బడిలో టీచరు. నేను వాళ్లకు ఒక్కతే కూతుర్ని. వాళ్లకు పుట్టింది నేను ఒక్కదాన్నే అని మాత్రం రాయలేను, ఎందుకో చెబుతాను.

ఆ కారుకు ఒక జబ్బుండేది. బ్రేకు ఒకసారి తొక్కితే పెడల్ మెత్తగా కిందికి పోయేది. వెంటనే రెండోసారి తొక్కితే గట్టిగా నిలబడేది. మామ దాన్ని జబ్బని ఒప్పుకుంటేగా! "దాని గుణమే గంత. రెండుసార్లు తొక్కు, గోడ లెక్క ఆగుతది" అని గొప్పలు పోయేవాడు. మేం కూడా అలవాటు పడిపోయాం. రోడ్డుకు ఏ గేదో అడ్డం వస్తే వెనక సీట్లో కూర్చున్న నేను కూడా తెలియకుండానే నేలను రెండుసార్లు తొక్కేదాన్ని. నవ్వకండి, ఇప్పటికీ ఆటో ఎక్కితే నా కాలు అదే పని చేస్తుంది.

ఒక ఏడు వానాకాలంలో అమ్మ కాన్పుకని ఆస్పత్రికి వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చింది. తమ్ముడు పుట్టాడు, ఒక్క పూట బతికాడు. నాన్న, మామ వెళ్లి మట్టి చేసి వచ్చారు. అమ్మ అప్పటికింకా మంచం దిగలేదు. ఆమె ఇంటికి వచ్చేలోపల నాన్న వాడి కోసం సిద్ధం చేసినవన్నీ వెతికి వెతికి తీసేశాడు. ఉయ్యాల, చిన్న చిన్న చొక్కాలు, అమ్మమ్మ కుట్టిన బొంత, చివరికి ఒంటికి రాయడానికి తెచ్చిన నూనె సీసా కూడా. నన్ను పక్కకు పిలిచి, అమ్మ ముందు ఆ మాట ఎత్తొద్దని గట్టిగా చెప్పాడు. చర్చి నుంచి పలకరించడానికి వచ్చిన ఆడవాళ్లకూ గుమ్మంలోనే అదే చెప్పి లోపలికి పంపేవాడు. పాపం, ఆయన ప్రేమ ఆయనది. వాళ్లు వచ్చి "ఎట్లున్నవమ్మా?" అనేవాళ్లు. అమ్మ "మంచిగున్న" అనేది. ఆ మాటతో అందరి మనసూ కుదుటపడేది. ప్రార్థన చేసి, చాయ్ తాగి, వానల గురించి మాట్లాడి వెళ్లిపోయేవాళ్లు.

అమ్మ అంతకుముందు తిట్టడంలో తన అన్నకు ఏ మాత్రం తీసిపోయేది కాదు. జడ వదులైతే తిట్టు, అన్నం మెతుకు కింద పడితే తిట్టు, గట్టిగా నవ్వితే తిట్టు. ఆస్పత్రి నుంచి వచ్చాక ఒక్క తిట్టు లేదు. అన్నిటికీ "సరే" అనడమే. మొదట్లో నాకు పండగలాగే ఉంది, అబద్ధమెందుకు. తల దువ్వుకోకుండా బడికి పోయాను, పాలగ్లాసు ఒలకబోశాను, కావాలనే ఇంకోసారి కూడా ఒలకబోశాను. అమ్మ గుడ్డ తెచ్చి తుడిచి వెళ్లిపోయింది. ఆ ఇంట్లో తిరుగుతున్నది మా అమ్మ కాదనిపించింది.

దానికి తోడు బడి నుంచి ఆలస్యంగా రావడం మొదలుపెట్టింది. లాలాగూడలో బస్సెక్కి తార్నాకలో దిగి, అక్కడ క్యాంపస్ లోపలికి వచ్చే బస్సు పట్టుకోవాలి. ఇంతకుముందు నేను బడి బట్టలు మార్చుకునేలోపు వచ్చేసేది. ఇప్పుడు దీపాలు పెట్టాక వస్తోంది. నాన్న అడిగితే "బస్సు దొరకలే" అనేది. నాన్న నమ్మేవాడు. నేను మాత్రం రోజూ సాయంత్రం గేటు పట్టుకుని వేలాడుతూ, అమ్మ ఒకరోజు అసలే రాదేమోనని బస్సు వచ్చే వైపే చూసేదాన్ని. ఎవరితోనైనా చెబుదామంటే, ఆ మాట ఎత్తొద్దన్నారు కదా.

ఒక ఆదివారం చర్చికి వెళ్తున్నాం. తార్నాక చౌరస్తాకు కాస్త ముందు, రోడ్డు వాలుగా ఉన్న చోట పోలీసాయన చెయ్యి అడ్డం పెట్టాడు. మామ తన అలవాటు ప్రకారం రెండుసార్లు తొక్కాడు, కారు ఆగింది. బ్రేకు మీద కాలు అలాగే ఉంచి, వెనక్కి తిరిగి నాతో, నాన్నతో వర్క్‌షాపు కబుర్లు మొదలుపెట్టాడు. మా ముందు ఒక జామపండ్ల బండి ఉంది. కాసేపటికి ఆ బండి మా దగ్గరికి వస్తున్నట్టు అనిపించింది నాకు. బండి కాదు, మేమే పోతున్నాం. నేను కెవ్వుమన్నాను, నాన్న "బావా, బావా" అని అరిచాడు. మామ తిరిగి, మళ్లీ దబదబా తొక్కేసరికి కారు బండిని తాకి ఆగింది. జామపండ్లు రోడ్డంతా దొర్లాయి. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. పండ్లమ్మే ఆమె మామను పట్టుకుని కడిగేసింది. ఆయన నోరు ఆమె ముందు ఎందుకూ పనికిరాలేదు.

కానీ మామ ఆమె తిట్లు వినడం లేదు. పక్క సీట్లో ఉన్న అమ్మనే చూస్తున్నాడు. మేమంతా అరిచాం, ఆమె అరవలేదు. చెయ్యి ముందుకు పెట్టి ఆపుకోలేదు, కళ్లు కూడా మూసుకోలేదు. గుద్దితే గుద్దనీ అన్నట్టు కూర్చుంది. ఇప్పుడు దొర్లుతున్న జామపండ్లను చూస్తోంది. మామ దిగి పండ్లన్నీ ఏరి పండ్లామె బండిలో పెట్టాడు, చేతులు జోడించాడు. ఆ పూట చర్చి లేదు. చేతిబ్రేకు పట్టుకుని నడక వేగంతో కారును వెనక్కి మా క్వార్టర్ దాకా తెచ్చి, తురాయి చెట్టు కింద పెట్టి, చక్రాలకు రాళ్లు అడ్డం వేసి, బస్సులో ఇంటికి పోయాడు. పోతూ కూడా అమ్మ వంకే చూశాడు.

ఆ తర్వాతి సెలవురోజు పొద్దున్నే పనిముట్ల సంచీ, పాత పేపర్లో చుట్టిన ఒక కొత్త సామానూ పట్టుకుని దిగాడు. వంటింటి గుమ్మంలో నిలబడి, "చెల్లె, జర నీ కాలు కావాలె, రా" అన్నాడు. నాన్నకు నచ్చలేదు. ఆమెను పరేషాన్ చేయొద్దు బావా, పిల్ల ఉందిగా అన్నాడు. ఆ మాట పూర్తి కాకముందే నేను ఉరికి డ్రైవరు సీటెక్కాను. కాలు పెడల్‌కు అందింది గానీ రెండోసారి తొక్కేసరికి అది దిగడానికి బదులు నేనే సీట్లోంచి పైకి లేచాను. మామ నన్ను ఎత్తి వెనక సీట్లో పడేశాడు. అమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, "సరే" అని కూర్చుంది.

మామ తలుపు పక్కన గొంతుక్కూర్చుని రెండు మూడుసార్లు తొక్కమన్నాడు. అమ్మ తొక్కింది.

"గట్టిగున్నదా?"

"గట్టిగనే ఉన్నది" అని అమ్మ కాలు తీసేసింది.

"అగో, గదే తప్పు!" అని మామ ఎగిరి పడ్డాడు. "గట్టిగున్నదని కాలు తీస్తే లోపలి సంగతి ఎట్ల తెలుస్తది? నేను గిట్లనే మోసపోయిన. తొక్కి పట్టు. దబదబ వద్దు. ఒక్క తీరుగ తొక్కి, వదలకుండ అట్లనే కూసో."

అమ్మ తొక్కి పట్టింది. మామ మాట్లాడటం మానేశాడు, అదే ఒక వింత. చెట్టు మీద ఉడుత అరుస్తోంది. చాలాసేపు ఏమీ కాలేదు. ఇక విసుగొచ్చి దిగిపోదామనుకుంటుండగా, సీట్ల మధ్య నుంచి తొంగి చూస్తున్న నాకు కనబడింది. అమ్మ ఏమీ చేయకుండానే ఆమె పాదం కొంచెం కొంచెంగా కిందికి దిగుతోంది. "పోతున్నది అన్నా" అంది అమ్మ. ఆమె గొంతులో ఆశ్చర్యం ఉంది. సరే, మంచిగున్న, బస్సు దొరకలే, ఈ మూడు మాటలు తప్ప వేరే మాట ఆమె నోట విని ఎన్నాళ్లయిందో.

మామ కారు కింద దూరి నాలుగు చక్రాల లోపలి వైపూ, గొట్టాలూ, అతుకులూ చేత్తో తడిమి చూశాడు. ఎక్కడా తడి లేదు. బానెట్ ఎత్తి బ్రేకు ఆయిలు బుడ్డి చూశాడు, అది తగ్గలేదు. బయటికొచ్చి మోచేతులు దులుపుకుంటూ మాస్టర్ సిలిండర్ పోయిందన్నాడు. మనం తొక్కిన బలాన్ని ఆయిలుతో నాలుగు చక్రాలకూ నెట్టేది అదేనట. దాని లోపలి రబ్బరు అరిగితే ఆయిలు ముందుకు పోకుండా రబ్బరు పక్కనుంచి వెనక్కే జారుతుందట.

"మరి బయటికి కనపడదా?" అని అడిగింది అమ్మ.

"కనపడది. చుక్క గూడ కారది. గందుకే కదా, గిన్నొద్దులు నా కారు మంచిగున్నదని అందరికి చెప్పుకుంట తిరిగిన."

అమ్మ స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. మామ పని మొదలుపెట్టాడు. బ్రేకు ఆయిలు పడితే రంగు ఊడిపోతుందని కారు అంచుల మీద తడి గోనెసంచి కప్పాడు. గొట్టం ఊడదీసి, కారే ఆయిలుకు డబ్బా పెట్టి, బోల్టులు విప్పి పాత సిలిండర్ బయటికి తీశాడు. గట్టు మీద కూర్చుని దాన్ని విప్పి నాకు చూపించాడు. నా బొటనవేలంత రబ్బరు ముక్క, ఉబ్బి, అంచు పీలికలైపోయి ఉంది. దాని కోసమా ఇంత గొడవ అనిపించింది నాకు. రబ్బరు ఒక్కటే మారిస్తే సరిపోదా అని నాన్న అడిగాడు. మామ లోపల వేలు పెట్టి చూడమన్నాడు. గోడకు తుప్పు గీతలు పడ్డాయి, కొత్త రబ్బరు వేసినా ఆ గీతలు దాన్ని మళ్లీ కోసేస్తాయట. ముందే అనుమానించి పేపర్లో చుట్టి తెచ్చింది కొత్త సిలిండరే. ముందు దాన్ని బయటే ఆయిలుతో నింపి, లోపలి గాలి పోయేదాకా మెల్లగా నెట్టి, ఆ తర్వాత బిగించాడు.

ఇక మళ్లీ అమ్మ కాలి పని. గొట్టాల్లో చేరిన గాలిని ఒక్కో చక్రం దగ్గరా బయటికి పంపాలి. చక్రం వెనక చిన్న మర ఉంటుంది, దానికి సన్నటి ట్యూబు తగిలించి, ఆ ట్యూబు చివర ఆయిలు పోసిన గాజుసీసాలో ముంచాడు. అమ్మ తొక్కి "పట్టిన" అనాలి. మామ మర వదులు చేస్తాడు, పెడల్ దిగుతుంది, సీసాలో బుడగలొస్తాయి. ఆయన మర బిగించి "వదులు" అన్నాకే ఆమె కాలు తీయాలి. ముందే తీస్తే బయటి గాలి లోపలికి పోయి పనంతా మొదటికొస్తుంది. పట్టిన, వదులు, పట్టిన, వదులు. అలా ఒక్కో చక్రం తిరుగుతూ వచ్చారు. మధ్యలో సీసాలో బుడగలు ఎక్కువయ్యేసరికి మామ కింద నుంచి, "ఏయ్, నేను చెప్పకముందే ఎందుకు వదిలినవ్?" అని కేకేశాడు. "నువ్వు చెప్పినంకనే వదిలిన! చెవులు వినబడుతలేవా నీకు, మర గట్టిగ పెట్టు ముందుగాల!" అని అమ్మ అంతకంటే పెద్ద కేక వేసింది. నేను వెనక సీట్లోంచి వంగి అమ్మ మొహంలోకి చూశాను. మామ కారు కింద పడుకునే నవ్వాడు.

నాలుగు చక్రాలూ అయ్యాక చివరిసారి తొక్కి పట్టమన్నాడు. ఈసారి పెడల్ ఉన్నచోటే ఉంది. ఎంతసేపు చూసినా కదల్లేదు. మామ తలుపు పక్కన నేల మీద కాళ్లు చాపుకుని, చేతులు గుడ్డతో తుడుచుకుంటూ, పైకి చూడకుండానే అడిగాడు.

"నువ్వెట్లున్నవే చెల్లె?"

"మంచిగున్న" అంది అమ్మ.

ఇక్కడ అందరూ సరే అని లేచేవాళ్లు. మామ లేవలేదు. మంచిదని అనలేదు, ప్రార్థన చేద్దామనలేదు, వానల మాట ఎత్తలేదు. ఒక్కో వేలూ తీరుబడిగా తుడుచుకుంటూ అక్కడే కూర్చున్నాడు. నోరు మూసుకుని కూర్చోవడం ఆ మనిషికి ఎంత కష్టమో నాకు తెలుసు. అమ్మ ఇంకోసారి "మంచిగనే ఉన్న అన్నా" అంది. ఈసారి గొంతు చిన్నదైంది. ఆయన తలెత్తి ఆమెను చూశాడు, అంతే. అమ్మ కాలు ఇంకా బ్రేకు మీదే ఉంది, తీయమని ఎవరూ చెప్పలేదు కదా.

చాలాసేపటికి అమ్మ చెప్పడం మొదలుపెట్టింది. రోజూ తార్నాక స్టాపులో కూర్చుంటున్నానని చెప్పింది. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి, ఎక్కడానికి కాళ్లు లేవడం లేదంది. "అన్నీ దాచిన్రు అన్నా. ఉయ్యాల దాచిన్రు, బట్టలు దాచిన్రు. పైన ఉయ్యాల కొక్కెం ఉన్నది. పండుకుంటే అదే కనపడుతది" అంది. మట్టి చేసే ముందు వాణ్ని ఒక్కసారైనా తనకు ఎవరూ మళ్లీ చూపించలేదంది. అప్పుడిక ఏడుపొచ్చేసింది, స్టీరింగ్ మీద తల పెట్టుకుని మాటా ఏడుపూ కలిపేసి అంది, "నేను వానికి పేరు పెట్టుకున్న అన్నా. ఎవ్వరన్న అడిగిన్రా? ఒక్కరన్న అడిగిన్రా?"

మామ ఊరుకో అనలేదు, దేవుడి చిత్తం అనలేదు. "ఏం పేరు పెట్టినవ్ బిడ్డా?" అన్నాడు.

అమ్మ చెప్పింది. మామ ఆ పేరు ఒకసారి పలికాడు, సరిగ్గా పలికానా అన్నట్టు. అప్పుడు చూశాను, నాన్న చాయ్ గ్లాసులు పట్టుకుని మెట్ల మీదే ఆగిపోయి ఉన్నాడు. గ్లాసులు కింద పెట్టి, అక్కడే కూలబడి, మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు. నేను వెనక సీట్లో ఆ పేరును నోట్లోనే మళ్లీ మళ్లీ అనుకున్నాను. అంతవరకు నాకు తమ్ముడు లేడు. ఆ క్షణం పుట్టాడు, ఆ క్షణమే పోయాడు. నాకూ దుఃఖం ఆగలేదు.

అమ్మ ఆ రోజుతో బాగైపోయిందంటే అబద్ధం చెప్పినట్టే. ఆ చలికాలమంతా ఆమె తార్నాక స్టాపులో కూర్చుంటూనే ఉంది. కాకపోతే నాన్న ఆఫీసు నుంచి నేరుగా అక్కడికి వెళ్లేవాడు, కొన్నిసార్లు ఇంటికొచ్చి నన్నూ తీసుకెళ్లేవాడు. ముగ్గురం వచ్చిన బస్సును వచ్చినట్టే పోనిచ్చేవాళ్లం. మధ్యలో అమ్మ ఏదో ఒక ముక్క చెప్పేది. వాడికి ఒత్తుగా జుట్టుందని, నా చెవుల్లాంటి చెవులే వాడివీ అని. కొంతసేపటికి తనే లేచి "పాండ్రి, ఇంటికి పోదాం" అనేది. మామ ఒకసారి పట్టకారు తెచ్చి కొక్కెం పీకేస్తానంటే వద్దంది. నాన్న రిటైరై ఆ క్వార్టర్ ఖాళీ చేసిన రోజు కూడా అది అక్కడే ఉంది. ఎండాకాలం మొదలయ్యే వేళకు ఒకరోజు అమ్మ నా జుట్టు పట్టుకుని "ఇది తలకాయనా, గడ్డివామునా?" అని అరిచింది. నాకు కన్నీళ్లు ఆగలేదు. నొప్పికనుకుని ఇంకో రెండు తిట్లు తగిలించింది.

ఇప్పుడు నేను తార్నాకలోనే ఉంటున్నాను. మేం కూర్చున్న స్టాపు ఇప్పుడు లేదు, ఆ మీదుగా మెట్రో పోతోంది. కార్ల సంగతి నాకు ఆనాటికి మించి ఏమీ తెలియదు. కానీ ఎవరినైనా ఎలా ఉన్నావని అడిగితే, బాగున్నాననగానే లేచి రావడం నాకు చేతకాదు. మా వీధిలో నన్ను చూసి, ఈ ముసలమ్మ ఒకసారి కూర్చుందంటే లేవదని తప్పుకుపోయేవాళ్లూ ఉన్నారు. పోనీండి. తప్పుకోకుండా కూర్చున్నవాళ్లూ ఉన్నారు.

అమ్మ చివరి రోజుల్లో డాక్టరు రోజూ వచ్చి "ఎలా ఉన్నారమ్మా" అనేవాడు. ఆమె "మంచిగున్న" అనేది, ఆయన నవ్వి వెళ్లిపోయేవాడు. నేను మంచం అంచున అలాగే కూర్చునేదాన్ని. ఒక సాయంత్రం కళ్లు తెరవకుండానే తమ్ముడి పేరు పెట్టి పిలిచింది. వాడి బదులు నేను పలికాను. నాన్న అంతకుముందే పోయాడు, మామ కూడా పోయాడు, తర్వాత అమ్మా పోయింది. ఆ పేరు ఏ రాయి మీదా లేదు, ఏ కాగితంలోనూ లేదు. అది తెలిసిన మనిషిని ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. ఇక్కడ రాయను. ఎవరైనా అడిగి, కాసేపు నా పక్కన కూర్చుంటే చెబుతాను.